పళ్ళ ల్యాబులో తయారయ్యే కళ్ళు

నేను కట్టుడు పళ్ళ డాక్టర్ని. గుంటూరు వైపు ఒక డెంటల్ కాలేజీలో, ప్రొస్థోడాంటిక్స్ విభాగంలో పనిచేస్తాను. పళ్ళన్నీ రాలిపోయినవాళ్ళకు సెట్లు కట్టడం, విరిగిన పంటికి తొడుగు వేయడం మా రోజువారీ పని. అదే ల్యాబులో, అదే బల్ల మీద, అదే పొడితో, అదే ద్రవంతో కన్ను పోయినవాళ్ళకు కన్ను కూడా చేస్తాం. కంటి ఆసుపత్రి వాళ్ళు రాసిచ్చిన చీటీ పట్టుకుని వచ్చిన మనిషి మా గుమ్మం దగ్గర ఆగి బోర్డు చదువుతాడు. చీటీ మళ్ళీ విప్పి చూసుకుంటాడు. "ఇది పళ్ళ డిపార్టుమెంటు గదమ్మా, మమ్మల్ని కంటికని పంపారే" అంటాడు. సరైన చోటికే వచ్చారు, కూర్చోండి అంటాను.

ఈ అనుమానం పల్లెటూరి పేషెంట్లకే కాదు, బాగా చదువుకున్నవాళ్ళకూ ఉంది. అందుకే ఇది రాస్తున్నాను. ఒక కన్ను పోగొట్టుకుని నల్లద్దాల చాటునో, ముఖం మీదికి లాక్కున్న కొంగు చాటునో బతుకుతున్నవాళ్ళు మన జిల్లాల్లో ఇంకా ఉన్నారు. పెళ్ళిళ్ళకు వెళ్ళరు, ఫోటోలో నిలబడరు. తమకు కావలసింది చేసిపెట్టేవాళ్ళు దగ్గర్లోని పళ్ళ కాలేజీలోనే ఉన్నారని వాళ్ళకు చెప్పే దిక్కు లేదు.

జనం నోట ఇప్పటికీ "గాజు కన్ను" అనే మాటే వినిపిస్తుంది. ఒకప్పుడు నిజంగా గాజే. జర్మనీలోని తురింగియా ప్రాంతంలో లౌషా అని ఒక ఊరు ఉంది. గాజు పనికి పేరుపడ్డ ఊరు. 1830ల్లో అక్కడ లుడ్విగ్ ముల్లర్-ఊరి అనే ఆయన బొమ్మలకు కళ్ళు చేస్తూ చేస్తూ మనుషులకు చేయడం మొదలుపెట్టాడు. 1868లో క్రయొలైట్ అనే ఖనిజం కలిపిన తెల్లగాజు వచ్చింది. అది తెల్లగుడ్డు రంగుకు బాగా దగ్గర. దాంతో ఈ పనిలో లౌషాకు ఎదురు లేకుండా పోయింది. అమెరికాకు కూడా ఆ గాజూ, ఆ పనితనమూ జర్మనీ నుంచి వెళ్ళినవే. ఆ పనివాళ్ళంటే నాకు గౌరవం. జర్మనీలో నేటికీ ఎక్కువమంది పెట్టుకునేది గాజు కన్నే. అయితే గాజు చేయి జారితే పగులుతుంది. కన్నీళ్ళు తగిలి తగిలి పైమెరుగు పోయి గరుకవుతుంది, ఒకటి రెండేళ్ళకే మార్చాల్సి వస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికాకు జర్మనీ నుంచి గాజు రావడం ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే కళ్ళు పోగొట్టుకున్న సైనికులు ఆసుపత్రులకు వరసకట్టారు. అమెరికా సైన్యంలో స్టాన్లీ ఎర్ఫ్, మిల్టన్ విర్ట్జ్, విక్టర్ డైట్జ్ అనే ముగ్గురు దంతవైద్యులు ఎవరికివారు ఒకే ఆలోచన చేశారు. మన దగ్గర కట్టుడు పళ్ళకు వాడే అక్రిలిక్ ఉంది కదా, దాంతో కన్ను ఎందుకు చేయకూడదు అని. ఆ ముగ్గురినీ సైన్యం పెన్సిల్వేనియాలోని వ్యాలీ ఫోర్జ్ జనరల్ హాస్పిటల్లో ఒకచోట చేర్చింది. వాళ్ళ పద్ధతులు కలిసి ఒక పద్ధతి అయ్యాయి. అమెరికా నౌకాదళపు డెంటల్ స్కూల్లోనూ అదే కాలంలో ఇదే పని జరిగింది. ప్లాస్టిక్ కన్ను అలా పంటి డాక్టర్ల చేతుల్లో పుట్టింది.

ఆ అక్రిలిక్ అప్పటికి కొత్త సరుకే. అంతకుముందు పళ్ళసెట్లు గట్టిపరచిన రబ్బరుతో చేసేవాళ్ళు. 1930ల చివరికి అక్రిలిక్ వచ్చి ఆ రబ్బరును తోసేసింది. దాని అసలు పేరు పాలీమిథైల్ మెథాక్రిలేట్.

మా పనికి కావలసిన ఇంకో ముఖ్యమైన సరుకు ఆల్జినేట్. పళ్ళ అచ్చు తీసేటప్పుడు నోట్లో చల్లగా, మెత్తగా పెట్టే ముద్ద మీకు గుర్తుండే ఉంటుంది, అదే. సముద్రపు నాచు నుంచి తీస్తారు. అంతకుముందు అచ్చులకు అగర్ వాడేవాళ్ళు, అది జపాన్ నుంచి వచ్చేది. యుద్ధంతో అదీ ఆగింది. దాని బదులుగా ఆల్జినేట్ వాడకంలోకి వచ్చింది. ఒకే యుద్ధం జర్మనీ గాజునూ ఆపింది, జపాన్ అగర్‌నూ ఆపింది. ఆ రెండు కరువుల్లోంచి వచ్చిన డబ్బాలు ఈవేళ నా బల్ల మీద పక్కపక్కనే ఉంటాయి.

పంటి సరుకు కంటికి పనికిరావడం కేవలం యుద్ధకాలపు అవసరం వల్ల కాదు. నోరు ఎప్పుడూ తడిగా ఉంటుంది. కంటి గుంతా అంతే. చిగుళ్ళ మీది పొరా, రెప్పల లోపలి పొరా రెండూ సున్నితమైనవే. ఏళ్ళ తరబడి ఉమ్మిలో నానినా చెడని, చిగురును కోయని పదార్థం కన్నీళ్ళలో కూడా నిలబడుతుంది. పైగా ఒక మనిషి శరీరంలోని ఖాళీని కొలిచి, ఆ కొలతకు సరిపోయే వస్తువును రంగుతో సహా చేయడం మాకు చదువులో మొదటి ఏడాది నుంచీ నేర్పే పనే. మా పీజీ చదువైన ఎమ్‌డీఎస్‌లో పళ్ళతో పాటు ముఖంలో లోపించిన భాగాలు చేయడం కూడా ఉంటుంది: కన్ను, చెవి, ముక్కు, క్యాన్సర్‌కు తీసేసిన అంగుడి.

ఈ ప్లాస్టిక్‌కూ కంటికీ ఇంకో చుట్టరికం ఉంది. యుద్ధంలో విమానం అద్దాలు పగిలి కొందరు పైలట్ల కళ్ళలో అక్రిలిక్ ముక్కలు దిగబడ్డాయి. ఆ ముక్కలు లోపలే ఉండిపోయినా కన్ను వాటిని తిప్పికొట్టలేదని లండన్ డాక్టర్ హెరాల్డ్ రిడ్లీ గమనించాడు. 1949లో శుక్లం తీసిన కంట్లో అదే ప్లాస్టిక్‌తో చేసిన లెన్సు పెట్టాడు. ఇవాళ మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చేయించుకుంటున్న లెన్సు ఆపరేషన్‌కు అదే మొదలు.

ఇక కన్ను ఎలా తయారవుతుందో చెబుతాను.

కన్ను తీసేశారంటే లోపల పెద్ద గుంత మిగులుతుందనీ, అందులో గోళీ లాంటిది ఇరికిస్తారనీ చాలామంది అనుకుంటారు. నిజానికి కంటి సర్జన్ కన్ను తీసిన చోటనే, మామూలుగా 18 నుంచి 22 మిల్లీమీటర్ల బంతి ఒకటి లోపల పెట్టి, కంటిని తిప్పే కండరాలను దాని మీదికి తెచ్చి, పైన పొర కప్పి కుట్టేస్తాడు. ఆ బంతి ఇక బయటికి రాదు, కనిపించదు. రెప్పలకూ ఆ పొరకూ మధ్య మిగిలిన సన్నని చోటులో కూర్చునే చిప్ప మా పని. లోపలి బంతి కదిలినప్పుడు దాని మీది చిప్ప కూడా కొంత కదులుతుంది. పుండు మానడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఆ లోపు చోటు ముడుచుకుపోకుండా ఒక పారదర్శకమైన చిప్పను రెప్పల వెనక ఉంచుతారు. దాన్ని తీసి పడేయొద్దని ప్రతి ఒక్కరికీ చెబుతాం. అది తీసేసి నెలల తరబడి ఊరుకుంటే చోటు బిగుసుకుపోతుంది, తర్వాత మేం ఎంత తిప్పలుపడ్డా కన్ను సరిగ్గా కూర్చోదు.

అచ్చు తీసేటప్పుడు పేషెంటును పళ్ళ కుర్చీలో వెనక్కి వాల్చం. వాలిస్తే కంటి చుట్టూ ఉన్న మెత్తని భాగం వెనక్కి జారి కొలత తప్పుతుంది. నిటారుగా కూర్చోబెట్టి, కంటి ఎత్తులో ఎదురుగోడ మీద ఒక గుర్తు చూడమంటాం. పంటి అచ్చుకు కలిపినదానికంటే ఆల్జినేట్‌ను కాస్త పలచగా కలిపి, మధ్యలో గొట్టం ఉన్న చిన్న ట్రే గుండా సిరంజితో నెమ్మదిగా ఎక్కిస్తాం. అది గట్టిపడే రెండు మూడు నిమిషాల్లో "పైకి చూడండి, కిందకి చూడండి, ఎడమకి, కుడికి" అంటూ ఉంటాం. మిగిలిన కన్ను తిరిగితే లేని కంటి కండరాలు కూడా తిరుగుతాయి. ఆ కదలికంతా అచ్చులోకి దిగాలి. ఈ నిమిషాల్లో మనిషి నా చేయి గట్టిగా పట్టుకోవడం నాకు అలవాటే. నొప్పి ఉండదని ముందే చెప్పినా, ఆ చోట మళ్ళీ ఒకరు చేయి పెడుతున్నారంటే భయం సహజం. తొందరపెట్టకూడదని మా పిల్లలకు, అంటే పీజీ విద్యార్థులకు, పాఠంకంటే ముందు ఇదే చెబుతాను.

ఆ అచ్చు నుంచి స్టోన్ అనే గట్టి ప్లాస్టర్‌తో మూస, మూస నుంచి మైనపు చిప్ప. ఆ మైనాన్ని కంట్లో పెట్టి చూస్తాం. రెప్ప ఎంత తెరుచుకుంటోంది, మూస్తే పూర్తిగా మూసుకుంటోందా, పక్క నుంచి చూస్తే రెండు కళ్ళూ ఒకే ఉబ్బులో ఉన్నాయా అని. ఇక్కడ అర మిల్లీమీటరు తేడా కూడా ముఖం మీద తెలుస్తుంది. మైనం కాస్త గీకడం, కాస్త కలపడం, మళ్ళీ పెట్టడం. మొత్తం పనిలో ఎక్కువ సమయం తినేది ఇదే, తినాల్సిందీ ఇదే. రంగు ఎంత బాగా కుదిరినా ఆకారం తప్పితే ఎదుటి మనిషి వెంటనే పసిగడతాడు.

నల్లగుడ్డు స్థానాన్ని మనిషి తిన్నగా చూస్తుండగా మైనం మీద గుర్తుపెడతాం. నల్లగుడ్డు అడ్డం సుమారు 11, 12 మిల్లీమీటర్లు. దాని కోసం మేం రంగులు వేసే బిళ్ళ అంతకు ఒక మిల్లీమీటరు తక్కువగా ఉండాలి. దాని మీద ఉబ్బుగా వచ్చే పారదర్శకమైన పొర దాన్ని పెద్దదిగా చూపిస్తుంది. కంటిపాప ఎంత ఉండాలన్నది ఇంకో చిక్కు. నిజమైన పాప ఎండలో చిన్నదవుతుంది, చీకట్లో పెద్దదవుతుంది. మాది మారదు. మనిషి ఎక్కువగా గడిపే వెలుతురు ఎలాంటిదో అడిగి, దానికి తగ్గట్టు మధ్యస్థంగా వేస్తాం.

మనవాళ్ళ నల్లగుడ్డు నలుపు అనుకుంటాం గాని, కిటికీ దగ్గర కూర్చోబెట్టి చూస్తే అందులో ఎన్ని గోధుమ రంగులు! పాప చుట్టూ తేనెరంగు, దాని నుంచి బయటికి పోయే సన్నని గీతలు, అంచున ముదురు వలయం. పెద్ద వయసువాళ్ళకైతే ఆ అంచున బూడిదరంగు గీత ఒకటి వస్తుంది, అది వేయకపోతే అరవై ఏళ్ళ ముఖంలో ఇరవై ఏళ్ళ కన్ను పెట్టినట్టుంటుంది. ఈ రంగులు ట్యూబులైటు కింద కలపకూడదు, పగటి వెలుతురులోనే కలపాలి.

తెల్లగుడ్డుకు పళ్ళరంగు అక్రిలిక్ వాడతాం. పంటి రంగు సరిపోల్చడానికి మా దగ్గర వరసగా అమర్చిన నమూనా పళ్ళ పట్టీ ఉంటుంది. దాన్నే పేషెంటు కంటి పక్కన పెట్టి చూస్తాం. ఎవరి తెల్లగుడ్డూ పాలలా తెల్లగా ఉండదు. జీవితమంతా ఎండలో, దుమ్ములో పొలం పని చేసినవాళ్ళకు మూలల్లో పసుపు, గోధుమ మచ్చలుంటాయి. పసిపిల్లలకు నీలి ఛాయ ఉంటుంది. దుకాణంలో దొరికే రెడీమేడ్ కన్ను అతికించినట్టు కనిపించడానికి ఒక కారణం ఈ తెలుపే.

తర్వాతది పూర్తిగా పళ్ళసెట్టు పనే. పొడి మూడు పాళ్ళు, ద్రవం ఒక పాలు. కలిపిన కాసేపటికి ఇసుకలా ఉన్నది తీగలు సాగి, ఆ తర్వాత గవ్వలు వత్తే పిండిలా అవుతుంది. అప్పుడు ఫ్లాస్కు అనే లోహపు పెట్టెలోని మూసలో కూరి, ప్రెస్సు కింద బిగించి, వేడినీళ్ళలో ఉంచుతాం. 74 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉడకాలి, మేం రాత్రంతా ఉంచుతాం. ఆ ద్రవం 100 డిగ్రీలు దాటగానే మరుగుతుంది. పని త్వరగా అవ్వాలని మంట పెంచితే లోపల బుడగలు పుట్టి చిప్ప గుల్లబారుతుంది. సరిగ్గా ఉడకకపోతే ఇంకో ప్రమాదం. గట్టిపడకుండా మిగిలిపోయిన ద్రవం కంటి పొరను మండిస్తుంది. చిగురు కొంత ఓర్చుకుంటుంది, కన్ను అంత ఓర్చుకోదు. పళ్ళసెట్టుకు ఎంత ఓపిక కావాలో దానికి రెట్టింపు ఇక్కడ కావాలి.

ఉడికిన చిప్ప పైన ఒక మిల్లీమీటరు మందం అరగదీసి, ఆ చోట నరాలు వేస్తాం. ఎర్ర పట్టుదారాన్ని పోగులు పోగులుగా విడదీసి, పక్క కంటిలో నరాలు ఎలా వంకర్లు పోతున్నాయో అలా పరుస్తాం. ఈ పని చేసేటప్పుడల్లా నాకు ఇరాన్‌లోని షహ్ర్-ఇ-సుఖ్తే గుర్తొస్తుంది. 2006లో అక్కడి తవ్వకాల్లో ఒక స్త్రీ అస్థిపంజరం కంటి గుంతలో కృత్రిమ కన్ను దొరికింది. దాదాపు 4,800 ఏళ్ళ నాటిది. దాన్ని చేసినవాడు కంటి నరాలకు సన్నని బంగారు తీగలు వేశాడు. చూపు రాదని వాడికీ తెలుసు, ఆమెకూ తెలుసు. అయినా నరాలు వేశాడు. నా వృత్తికి అంతకంటే పెద్ద పూర్వీకుడు నాకు అక్కర్లేదు.

దారాల మీద లేతగా పసుపు, నీలం పూసి, పైన పారదర్శకమైన అక్రిలిక్ పొర వేసి మళ్ళీ ఉడికిస్తాం. ఆపైన ప్యూమిస్ పొడితో, గుడ్డచక్రంతో మెరుగు. వేలితో తడిమితే ఎక్కడా గరుకు తగలకూడదు. అప్పటిదాకా నేను పేషెంటుకు అద్దం ఇవ్వను. సగం పనిలో చూసుకుంటే మనసు చెదురుతుంది.

పల్నాడు వైపు నుంచి ఒక తల్లి, పదహారేళ్ళ కూతురితో వచ్చింది. దీపావళి టపాకాయకు పోయిన కన్ను. పని మొదలుపెట్టే ముందు ఆ తల్లి నన్ను పక్కకు పిలిచి, "మేడమ్, పెట్టినాక పిల్లకి కనపడుద్దా?" అంది. కనపడదమ్మా, ఇది చూపు కోసం కాదు అన్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. నాకు తెలిసి ఈ ప్రశ్నను ఎవరూ అడగకముందే డాక్టరే చెప్పాలి, అచ్చు తీయకముందే, తిన్నగా చెప్పాలి. ఆశ పెట్టి చేసిన కన్ను ఎంత అందంగా ఉన్నా పెట్టెలోనే ఉండిపోతుంది. ఆ పిల్లకు మాత్రం ముందే తెలుసు. "జడ వేసుకుని కాలేజీకి పోతే చాలు మేడమ్" అంది. అప్పటిదాకా ఆ పిల్ల జుట్టు సగం ముఖం మీదికి వదిలేసుకుని ఉంది.

పిల్లల విషయం వేరు. వాళ్ళ ముఖం ఎముక పెరుగుతూ ఉంటుంది. ఒకవైపు కంటి గూడు ఖాళీగా వదిలేస్తే ఆ వైపు సరిగ్గా పెరగదు, పెద్దయ్యాక ముఖం ఒక పక్కకు లాగినట్టవుతుంది. అందుకని పసివయసులోనే కన్ను పెట్టాలి, ఎదుగుదలను బట్టి మారుస్తూ పోవాలి. చిన్నపిల్లల కన్ను తీయాల్సి రావడానికి ఒక పెద్ద కారణం రెటినోబ్లాస్టోమా అనే క్యాన్సర్. ఎక్కువగా అయిదేళ్ళ లోపే వస్తుంది. ఫ్లాష్‌తో తీసిన ఫోటోలో పిల్లల కంట్లో ఎరుపు బదులు తెల్లటి మెరుపు కనిపిస్తే, మెల్లకన్ను కొత్తగా వస్తే, ఆ రోజే కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. త్వరగా పట్టుకుంటే ప్రాణం దక్కుతుంది, చాలాసార్లు కన్నూ దక్కుతుంది.

పెద్దవాళ్ళలో నేను ఎక్కువగా చూసేది కోతల కాలపు కేసులు. వరి ఆకో, వడ్ల పొట్టో కంట్లో పడుతుంది. నలుపుతారు. ఆకుపసరో, చనుబాలో, షాపులో అడిగి తెచ్చుకున్న చుక్కలో వేస్తారు. ఆ చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే, గాయంలో చేరిన ఫంగస్‌కు ఇంకా బలం. వారాలు గడిచేసరికి నల్లగుడ్డు పుండుపడి కరిగిపోతుంది. నా దగ్గరికి వచ్చేసరికి చేయగలిగింది చిప్ప మాత్రమే. కంట్లో నలక పడితే నలపకండి, మంచినీళ్ళతో కడిగి కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. నా పని తగ్గితే నాకంటే సంతోషించేవాళ్ళు ఉండరు.

దుకాణాల్లో రెడీమేడ్ కళ్ళు దొరుకుతాయి. ధర తక్కువ, వెంటనే పెట్టుకోవచ్చు. ఏమీ లేనిదానికంటే నయమే. కానీ దాని వెనక, మన కంటి పొరకూ దానికీ మధ్య ఖాళీ ఉంటుంది. అక్కడ కన్నీరు నిలిచి పుసి కడుతుంది, వాసన వస్తుంది, బరువుకు కింది రెప్ప వాలిపోతుంది. కొలత తీసి చేసినది గుంత గోడను అంతటా ఆనుకుని ఉంటుంది కాబట్టి బరువు ఒకేచోట పడదు, కదలిక కూడా బాగా వస్తుంది.

పెట్టుకున్నవాళ్ళు చేయాల్సినవి కొన్నే. పడుకునేటప్పుడు తీయక్కర్లేదు. మాటిమాటికీ తీసి పెడితే లోపలి పొరకు చికాకు. తీసినప్పుడు మామూలు సబ్బు, గోరువెచ్చని నీళ్ళు చాలు. స్పిరిట్, శానిటైజర్ ముట్టించొద్దు, అక్రిలిక్ బీటలు తీస్తుంది. మరిగే నీళ్ళూ వద్దు. పొడిగా అనిపిస్తే డాక్టరు రాసిన చుక్కలు వేసుకోవాలి. ఏడాదికోసారి వచ్చి మెరుగు పెట్టించుకోవాలి. సుమారు అయిదేళ్ళకు మార్చుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, ఉన్న ఒక్క కన్నును కాపాడుకోవడం. పవర్ లేకపోయినా పాలీకార్బొనేట్ అద్దాలు పెట్టుకోమంటాను. బండి మీద వెళ్ళేటప్పుడు, పొలంలో, వెల్డింగ్ షాపులో తప్పనిసరిగా.

లండన్‌లోని మూర్‌ఫీల్డ్స్ కంటి ఆసుపత్రి 2021 నవంబరులో కంప్యూటర్‌తో ముద్రించిన కన్ను ఒకరికి పెట్టింది. కంటిని స్కాన్ చేస్తే రంగులూ నరాలూ ముద్రణలోనే వచ్చేస్తాయి. అది మనదాకా రావాలి, వస్తే నేనే ముందు నేర్చుకుంటాను. ఈలోగా, ఈ పొడీ ఈ మైనమూ మన రెండు తెలుగు రాష్ట్రాల్లోని ప్రతి డెంటల్ కాలేజీలోనూ ఉన్నాయి. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటి చోట్ల కృత్రిమ కన్నుకు సొంత విభాగమే ఉంది. హైదరాబాదు దాకా వెళ్ళలేనివాళ్ళు దగ్గర్లోని డెంటల్ కాలేజీకి ఫోన్ చేసి, ప్రొస్థోడాంటిక్స్ విభాగంలో కన్ను చేస్తారా అని అడగండి. వెళ్ళేటప్పుడు ఆపరేషన్ కాగితాలు, కన్ను బాగున్నప్పటి ఒక ఫోటో తీసుకెళ్ళండి. పని పూర్తవడానికి కొన్ని రాకపోకలు తప్పవు, అందుకు సిద్ధపడి రండి. మీ ఊళ్ళో నల్లద్దాలు తీయని మనిషి ఎవరైనా ఉంటే ఈ మాట వాళ్ళకు మీరే చెప్పండి.